చిన్న పిడి

పిస్తోలు నాలుగు ముక్కలై వంటింటి బల్ల మీద పడివుంది. కింద పాత పేపరు, పక్కన నూనె సీసా, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, ఎమిల్ కళ్ళజోడు పెట్టె. బెర్నడీన్ పొయ్యి దగ్గర నిలబడి క్యాబేజీ వేయిస్తోంది గానీ, మనసంతా వెనకాల ఆ బల్ల మీదే ఉంది.

"అది తీసెయ్," అంది మూడోసారి.

"తీస్తాను. ఐదు నిమిషాలు."

"రెండింటి నించీ నీకు ఐదు నిమిషాలే అవుతున్నాయి. ఆ బల్ల మీద పసిపిల్ల తింటుంది ఎమిల్."

ఎమిల్ బ్రష్షుని నూనెలో ముంచాడు. ముప్ఫై నాలుగేళ్ళు గాజు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఇంట్లో గొంతు పెంచడం అతనికి చేతకాదు. చేతనయిందల్లా వినపడనట్టు ఉండటం. ఆ ఒక్క విద్యతోనే నలభై రెండేళ్ళ సంసారం నెట్టుకొచ్చాడని బెర్నడీన్ నలుగురిలోనూ నవ్వుతూ అంటుండేది. ఈ మధ్య నవ్వకుండా అంటోంది.

బల్లకి అవతల కోడలు ట్రెస్సా కూర్చుంది. కుడి మణికట్టుకి కట్టు విప్పి రెండు నెలలయినా, ఆ చేతిని ఇంకా అరువు తెచ్చుకున్న వస్తువులా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటోంది.

"ఇదీ అసలు సంగతి," అన్నాడు ఎమిల్, అరచేతిలో పట్టేంత ఇనప చట్రాన్ని పైకెత్తి ఆమెకి చూపిస్తూ. "నంబరు దీని మీదే ఉంటుంది. చట్టం లెక్కలో తుపాకీ అంటే ఇదొక్కటే. పైన గొట్టమూ, కింద పిడీ చొక్కా లాగూ లాంటివి. పెద్ద చేతికి పెద్ద పిడి, చిన్న చేతికి చిన్న పిడి. మనిషిని బట్టి మార్చుకోవచ్చు."

"అంత మంచిదైతే కంపెనీవాళ్ళు చెయ్యడం ఎందుకు మానేశారు?" అంది ట్రెస్సా.

"జనానికి ట్రిగ్గర్ నచ్చలేదు. ఎక్కువ దూరం లాగాలి, కాస్త బలంగా లాగాలి. పోటీల్లో కాల్చేవాళ్ళకి అది విసుగు. నీకు మాత్రం అదే కావాలి. చెయ్యి వణికినంత మాత్రాన పేలకూడదు. పేలాలని నువ్వు అనుకుంటేనే పేలాలి."

ట్రెస్సా ఖాళీ పిడిని చేతిలోకి తీసుకుంది. అది ఎమిల్ చేతికి సరిపోయే పిడి, ఎమిల్ చేతులు పారలు. ఆమె చూపుడువేలి గోటి కొస మాత్రమే ట్రిగ్గర్ ఉండాల్సిన చోటికి అందింది.

"చిన్న పిడి ఏదీ మరి?"

"వెతుకుతున్నాను. మానేసి తొమ్మిదేళ్ళయింది కదా. దొరుకుతుంది."

బెర్నడీన్ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. "ఎక్కడుందో నీకు తెలీదా?" అంది. "ఇలాంటివి జత కొన్నావు. ఒకటి నీకు, ఒకటి డెరిక్‌కి. వాడికి పధ్నాలుగేళ్ళు అప్పుడు. చెయ్యి చిన్నదని ఏరికోరి చిన్న పిడి తెప్పించావు. శనివారం శనివారం క్వారీకి తీసుకెళ్ళేవాడివి. మీ ఇద్దరికీ బ్రెడ్డు ముక్కలు కట్టిచ్చేదాన్ని నేను."

"తెలుసు బెర్నీ."

"ఇప్పుడు నీది తీసి ఈ పిల్ల చేతికిస్తున్నావు. ఎవరి మీద గురిపెట్టమని ఇస్తున్నావో అది కూడా చెప్పు. నా వంటింట్లో కూచుని నా కొడుకుని కాల్చడానికి కొలతలు తీస్తున్నావు."

"నాకూ కొడుకే."

"మరి?"

"మరేం లేదు." ఎమిల్ బ్రష్షు పక్కన పెట్టాడు. "కింద ఊళ్ళోంచి షెరీఫ్ మనుషులు ఈ కొండెక్కడానికి నలభై నిమిషాలు. మంచు పడితే గంట. ఆ నలభై నిమిషాలూ ఈ పిల్ల ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే చేస్తాను."

"కోర్టు ఆర్డరు ఉంది కదా. వాడు ఇటు అడుగు పెట్టకూడదు. తుపాకులన్నీ షెరీఫ్‌కి అప్పజెప్పాడు. తాగడం మానేశాడు."

"మానేశాడని నీకెవరు చెప్పారు?"

బెర్నడీన్ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. ప్రతి ఆదివారం ఎమిల్ చర్చి నించి వచ్చేలోపు డెరిక్ తనకి ఫోన్ చేస్తాడని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నది అవతల స్నేహితుడి దగ్గర ఉంటున్నాడు. పిల్ల ఎలా ఉంది, స్కూలుకి ఎలా వెళ్తోంది, ట్రెస్సా చెయ్యి ఎలా ఉంది అని అడుగుతాడు. పోయిన ఆదివారం ఆ చెయ్యి గురించి అడిగినప్పుడు వాడి గొంతు వణికింది. కన్నతల్లి కదా, ఆ వణుకు పట్టుకుని వారమంతా బతికింది.

"ఊళ్ళో అనుకుంటున్నారు," అంది చివరికి.

ట్రెస్సా పిడిని పేపరు మీద పెట్టేసింది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ పెద్దది కాదు.

"నాకు ఎవర్నీ కాల్చాలని లేదు బెర్నడీన్. ఆ రోజు మీరు ఫోన్ చేసి ఉంటే నాకు ఇది అక్కర్లేకపోయేది."

పెళ్ళయిన మొదటి నెల నించీ ఆమె అత్తగారిని అమ్మా అనే పిలిచింది. తల్లి చిన్నప్పుడే పోయిన పిల్ల, ఆ పిలుపు కోసం కాచుకుని ఉన్నట్టు పిలిచేది. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి నించీ "బెర్నడీన్" అంటోంది. పేరు పెట్టి పిలవడం ఇక్కడ తప్పేం కాదు. ప్రతిసారీ తగులుతుంది, అంతే.

ఆ రోజు ఎమిల్ తన అక్కని ఇంట్లో దింపడానికి వెళ్ళాడు. డెరిక్ తాగి ఉన్నాడు. ఇదే వంటింట్లో, ఇదే బల్ల దగ్గర. మేడ మీద బట్టలు మడతపెడుతున్న బెర్నడీన్‌కి మొదట గిన్నె పడ్డ చప్పుడు, తరవాత ట్రెస్సా గొంతు వినిపించాయి. మొగుడూ పెళ్ళాల గొడవ, మధ్యలో నేనెందుకు అనుకుని టీవీ సౌండు పెంచింది. ట్రెస్సా విరిగిన చేత్తో, రెండో చేత్తో పిల్లని పట్టుకుని, అర మైలు నడిచి పక్కింటి తలుపు కొట్టింది. ఫోన్ వాళ్ళు చేశారు.

ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఇంతవరకు పైకి అనలేదు. ట్రెస్సా నాలుగు నెలలు మోసి, ఇవాళ అన్నది.

ఎమిల్ ముక్కలన్నీ పేపరులో చుట్టి లేచాడు. బెర్నడీన్ క్యాబేజీలో నూడుల్సు కలిపి మూడు పళ్ళేల్లో వడ్డించింది. ముగ్గురూ తిన్నారు. ఉప్పు తక్కువయిందని ఎవరూ అనలేదు.

* * *

శుక్రవారం పొద్దున మనవరాలు జోసీని స్కూలు బస్సెక్కించి ముగ్గురూ హార్లన్ కొట్టుకి బయల్దేరారు. తాను కారులోనే కూర్చుంటానని బెర్నడీన్ ముందే చెప్పింది. మార్చి నెల, కరిగీ కరగని మంచు. పావుగంటకి కాళ్ళు కొంకర్లు పోయి, తిట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

హార్లన్ కొట్టులో సగం చేపల గాలాలు, సగం తుపాకులు. అతనూ ఎమిల్ ఒకే బడిలో చదివారు.

"ఏరా, ఈ పురావస్తువు ఎక్కడ తవ్వావు?" అంటున్నాడు హార్లన్, ఎమిల్ పిస్తోలు తిప్పి చూస్తూ. "స్ప్రింగు పోతే నీ తాత తెస్తాడా?"

"రెండు స్ప్రింగులు దాచాను. తూటాల మ్యాగజైన్లు నాలుగున్నాయి."

"దాచావులే. నువ్వు పోయాక ఈ పిల్ల ఎవర్నడగాలి?" అని ట్రెస్సా వైపు తిరిగాడు. "నువ్వెప్పుడైనా కాల్చావామ్మా?"

"రెండుసార్లు. డబ్బాల మీద. పెళ్ళి కాకముందు."

"తగిలిందా?"

"డబ్బాకి తగల్లేదు. చెట్టుకి తగిలింది."

హార్లన్ నవ్వాడు. ట్రెస్సా కూడా కొంచెం నవ్వింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది బెర్నడీన్. నవ్వించింది తుపాకుల కొట్టువాడు అని మనసులో చిరాకు పడింది కూడా.

కొట్టు వెనక మట్టిగట్టుకి కాగితం తగిలించి మూడు పిస్తోళ్ళు వరసగా కాల్పించారు. చెప్పుల షాపులో పిల్లకి బూట్లు తొడిగి నడిపించి చూసినట్టే ఉంది ఆ తతంగం. మొదట హార్లన్ ఇచ్చిన చిన్న రివాల్వర్. తేలిగ్గా ఉంది, బుద్ధిగా ఉంది. ఒక్కసారి పేలగానే ట్రెస్సా మణికట్టు పట్టుకుని వంగిపోయింది.

"అంత తేలికది అంతే తంతుంది," అన్నాడు ఎమిల్ హార్లన్‌తో. "బరువు ఉంటేనే దెబ్బ తగ్గుతుంది. చెప్తే వినవు."

తరవాత హార్లన్ కొత్తరకం ఒకటి ఇచ్చాడు. ఇప్పుడు అందరూ కొనేది అదేనట. మొదటి తూటా కాగితం మధ్యలో పడింది. ట్రెస్సా ముఖంలో సంతోషం వచ్చేలోపే రెండోది పేలింది. అది ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"నేను నొక్కలేదు," అంది.

"నొక్కావు తల్లీ. నీకు తెలీకుండా నొక్కావు," అన్నాడు ఎమిల్ మెల్లిగా, పిస్తోలు ఆమె చేతిలోంచి తీసుకుంటూ. "అందుకే ఇది వద్దు. భయపడ్డ చేతికి ఇంత చురుకైనది ఇవ్వకూడదు."

బెర్నడీన్ గోడకి ఆనుకుని అతని చేతుల్నే చూస్తోంది. తూటాలు తీశాడు, గొట్టంలోకి చూశాడు, మళ్ళీ చూశాడు, అప్పుడు బల్ల మీద పెట్టాడు. డెరిక్‌కి నేర్పిన రోజుల్లోనూ ఇంతే ఓపిక. ఇంత ఓపిగ్గా నేర్పితే నేర్చుకున్నవాడు అలా తయారయ్యాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆఖరికి ఎమిల్ పిస్తోలు. ట్రెస్సా ఐదు కాల్చింది. నిదానంగా లాగింది, ఒక్కటీ తెలియకుండా పేలలేదు, చెయ్యీ నొప్పి పెట్టలేదు. ఐదూ ఒకే చోట గుంపుగా పడ్డాయి. పడింది మాత్రం కాగితానికి ఎడమ అంచున.

"వేలు అందట్లేదు," అన్నాడు హార్లన్ గెడ్డం గోక్కుంటూ. "కొసతో లాగుతోంది, అందుకే పక్కకి పోతోంది. ముసలాడా, నువ్వే గెలిచావు. దీనికి చిన్న పిడి తగిలిస్తే ఈ పిల్లకి ఇంతకంటే మంచిది దొరకదు."

లోపలికొచ్చి కాగితాలు తీశాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. షెరీఫ్ ఆఫీసులోనో నాలాంటివాడి కొట్టులోనో పేరు మార్పించాల్సిందే. కన్నకూతురైతే ఈ కాగితాలేవీ అక్కర్లేదు, తండ్రి ఊరికే ఇచ్చెయ్యొచ్చు. కోడలు కదా, ప్రభుత్వం నమ్మదు."

"ప్రభుత్వానికి మా ఇంటి సంగతి ఏం తెలుసు," అన్నాడు ఎమిల్.

హార్లన్ పెన్ను వెతుకుతూ అన్నాడు, "చిన్న పిడి కోసం క్లబ్బు బోర్డు మీద నీ కార్డు చూశాన్రా. ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఏ కార్డు?" అంది బెర్నడీన్.

హార్లన్ ఎమిల్ వైపు చూశాడు.

"వేట క్లబ్బులో బోర్డుంది కదా బెర్నీ," అన్నాడు ఎమిల్. "పాత సామాన్లు అమ్ముకునేవాళ్ళు, కావాల్సినవాళ్ళు చీటీలు పెడతారు. చిన్న పిడి కావాలని రాసిపెట్టాను. మోడలు పేరూ, మన ఫోన్ నంబరూ. అంతే."

"ఈ కొండల్లో ఆ మోడలువి ఎన్ని ఉన్నాయి హార్లన్?"

హార్లన్ పెన్ను దొరికినా ఇంకా వెతుకుతున్నాడు. "రెండు," అన్నాడు. "నేనే అమ్మాను ఆ రెండూ."

"ఒకటి ఎమిల్‌ది. ఎమిల్ చేతికి చిన్న పిడి ఎందుకు?"

ఎమిల్ మొహం అప్పుడు చూడాలి. నలభై ఏళ్ళుగా ఆ బోర్డు మీద చీటీలు పెడుతూనే ఉన్నాడు. పాత వల కావాలంటే పెట్టాడు, కుక్కపిల్లల్ని ఇవ్వడానికి పెట్టాడు. ఆ ఊళ్ళో సామాను కావాలంటే ఎవరైనా చేసేది అదే, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. ఆ చీటీ చదివేవాడికి, చిన్న చేతులున్న మనిషి ఎవరో ఆ ఇంట్లో తుపాకీ పట్టబోతోందని తెలిసిపోతుందని అతనికి తట్టనే లేదు.

"ముసలివాళ్ళు తప్ప అక్కడికి ఎవరొస్తారు," అన్నాడు. తనకి తానే చెప్పుకుంటున్నట్టు ఉంది.

ట్రెస్సా సంతకం పెట్టేసి పెన్ను మూత పెట్టింది. "పిడి వాడి దగ్గర ఉందా?" అంది. "తుపాకులన్నీ అప్పజెప్పాడన్నారు కదా."

"నంబరున్న ముక్కే తుపాకీ," అన్నాడు హార్లన్ నేల చూపులు చూస్తూ. "చెయ్యి పెరిగాక తీసేసిన చిన్న పిడి వాడి పెట్టెలోనే ఉండిపోయి ఉంటుంది. అది వట్టి ప్లాస్టిక్కే తల్లీ. దాన్ని ఎవరూ అడగరు."

తిరిగి వస్తూ ఎమిల్ కారుని క్లబ్బు ముందు ఆపి లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెంటనే వచ్చేశాడు. చేతులు ఖాళీ.

"కార్డు లేదు," అన్నాడు.

"ఎవరు తీశారు?"

"తెలీదు. బోర్డు శుభ్రం చేసి ఉంటారు."

"మిగతా చీటీలున్నాయా?"

ఎమిల్ కారు స్టార్టు చేశాడు. ఈస్టరు ముందు తపస్సుకాలం, శుక్రవారం మాంసం తినరు కాబట్టి ఫైర్‌స్టేషన్ వాళ్ళ హాలు ముందు ఆగి నాలుగు పొట్లాల వేయించిన చేపలు కొన్నారు. వరసలో నిలబడ్డవాళ్ళంతా పలకరించారు. బాగున్నాం అన్నారు ముగ్గురూ.

* * *

ఆదివారం ఎమిల్ చర్చికి వెళ్ళగానే బెర్నడీన్ ఫోన్ పక్కన కూర్చుంది. కార్డు నువ్వే తీశావా అని అడగాలని అనుకుంది. అడిగితే ఏమంటాడో ముందే మనసులో చెప్పుకుంది, దానికి జవాబు కూడా చెప్పుకుంది. పదకొండయింది. పన్నెండయింది. పదహారు వారాలు తప్పకుండా మోగిన ఫోన్ ఆ వారం మోగలేదు.

సోమవారం పొద్దున ఏడుంపావుకి పేపరు తేవడానికి దారి చివరికి నడిచింది. ఇంటి నించి రోడ్డు వరకూ రెండు వందల అడుగుల మట్టిదారి. చివర టపా పెట్టె, పక్కన బెంచీ. ఆ బెంచీ ఎమిల్ చేసిందే, డెరిక్ బడికి వెళ్ళే రోజుల్లో బస్సు కోసం కూర్చోవడానికి. ఇప్పుడు పొద్దున్నే ఏడూ నలభైకి ట్రెస్సా, జోసీ అక్కడే నిలబడుతున్నారు.

బెంచీ మీద బ్రెడ్డు సంచీ ఒకటి ఉంది. మూతికి రబ్బరు బ్యాండు. పిల్ల మర్చిపోయిందేమో అనుకుని తీసింది. విప్పి చూసింది.

నల్లటి పిడి. అడుగున మేకుతో గీకిన అక్షరం, డెరిక్ పేరులో మొదటిది. కొత్త వస్తువుని పాడుచేశావని ఆ రోజు ఎమిల్ మందలిస్తే, వాడు భోజనం మానేసి పడుకున్నాడు. ఆమే బతిమాలి తినిపించింది.

పిడికి చుట్టి ఎమిల్ కార్డు. ఎమిల్ దస్తూరీ కింద ఇంకో దస్తూరీతో ఒక్క వాక్యం.

"తన చెయ్యి ఎంతుంటుందో నాకు తెలుసు."

బెర్నడీన్ దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వాడు మారాడు, ట్రెస్సా తనని తాను కాపాడుకోవాలని వాడే పంపించాడు అనిపించింది. రెండోసారి చదివేటప్పటికి ఒళ్ళు చల్లబడింది. అదే మాట, అవే అక్షరాలు. ఆ చెయ్యి ఎంతుంటుందో వాడికి తెలుసు, పట్టుకుని విరిచినవాడు కదా.

అప్పుడు బెంచీని చూసింది. చెక్కంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది. టపా పెట్టె మీద మంచు, గడ్డి మీద మంచు. బ్రెడ్డు సంచీ మీద మాత్రం చుక్క మంచు లేదు.

ఇప్పుడే పెట్టాడు. ఇక్కడే ఎక్కడో ఉన్నాడు.

ఈ బెంచీ సంగతి, ఏడూ నలభై సంగతి వాడికి ఎవరు చెప్పారు? బస్సు ఎక్కించడానికి ట్రెస్సా ఒక్కతే వస్తుందని ఎవరు చెప్పారు? పిల్ల స్కూలుకి ఎలా వెళ్తోందమ్మా అని అడిగితే, వాడికి పిల్ల మీద బెంగ అనుకుని, వివరంగా, మురిసిపోతూ తనే చెప్పింది.

పేపరు అక్కడే పడేసి ఇంటివైపు నడిచింది. వెనక్కి చూడటానికి ధైర్యం చాలలేదు.

వంటింట్లో ట్రెస్సా జోసీకి కోటు గుండీలు పెడుతోంది. ఎమిల్ కాఫీ తాగుతున్నాడు.

"బస్సుకి వద్దు," అంది బెర్నడీన్ ఆయాసపడుతూ. "జోసీ, పైకెళ్ళి నా మంచం మీద కూచో. టీవీ పెట్టుకో. ఫరవాలేదు, వెళ్ళు."

సోమవారం పొద్దున టీవీ చూడమనేసరికి పిల్ల రెండోమాట లేకుండా మెట్లెక్కింది. ట్రెస్సా నిలబడిపోయింది.

"ఏమయింది?"

బెర్నడీన్ సంచీని బల్ల మీద పెట్టింది. ఎమిల్ పిడిని బయటికి తీశాడు, తిప్పాడు, అడుగున గీతల్ని బొటనవేలితో తడిమాడు. ఆ గీతలు తడమకుండా కూడా అతనికి తెలుసు. కార్డు మీద వాక్యం చదివి, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"హార్లన్ పంపించాడు," అన్నాడు.

బెర్నడీన్ అతని మొహంలోకి చూసింది. నలభై రెండేళ్ళలో ఆ మనిషి అబద్ధం ఆడగా ఆమె వినలేదు. కొడుకుని ఈ ఇంటి నించి వెళ్ళగొట్టింది అతనే, కోర్టులో నిలబడి అవును వాడే చేశాడు అన్నది అతనే. కోడలి కోసం ఈ తుపాకీ ఏరింది అతనే. ఇప్పుడు హార్లన్ అంటున్నాడు.

"పొద్దున్నే ఇటు వెళ్తూ పెట్టేసి ఉంటాడు," అన్నాడు ఇంకా. "చూడమ్మా, నీ చేతికి సరిపోతుందేమో చూడు."

ట్రెస్సా పిడిని అందుకుంది. వేళ్ళన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. చూపుడువేలు మొదటి కణుపు దాకా అందింది.

"సరిపోయింది," అంది ట్రెస్సా. ఎమిల్ వైపు చూసింది. "మరి బస్సుకి ఎందుకు వద్దు?"

ఎమిల్ బెర్నడీన్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి అర్థమయింది. చెప్పకు బెర్నీ. చెప్తే వాడు జైలుకి పోతాడు. ఆర్డరు దాటి వచ్చాడని తెలిస్తే ఈసారి వదలరు. మనమే చూసుకుందాం. ఇవాళ పిల్లని నేను కారులో దింపుతాను. చెప్పకు.

నాలుగు నెలలుగా ఆమె అతనికి చెబుతున్నదీ అదే. ఇవాళ ఒప్పుకున్నాడు మహానుభావుడు.

"హార్లన్ కాదు," అంది బెర్నడీన్.

"బెర్నీ."

"హార్లన్ కాదు. డెరిక్. కింద బెంచీ మీద పెట్టి వెళ్ళాడు. ఇప్పుడే, ఈ గంటలో. ఏం రాశాడో ఆయన జేబులో ఉంది, చదువు. నువ్వు రోజూ అక్కడ నిలబడతావని వాడికి నేనే చెప్పాను. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు. తాగడం మానేశానన్నాడు, నమ్మాను."

ట్రెస్సా కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకుంది బెర్నడీన్. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ఎమిల్ ముందు చెయ్యి చాపింది. ఎమిల్ కార్డు తీసి ఇచ్చాడు. చదివి బల్ల మీద బోర్లా పెట్టింది.

మేడ మీద జోసీ టీవీ పెట్టుకుంది. బొమ్మల పాట ఏదో వినిపిస్తోంది. ఆ రోజు తాను సౌండు పెంచిన టీవీ అదే.

బెర్నడీన్ గోడకున్న ఫోన్ అందుకుంది. షెరీఫ్ ఆఫీసు నంబరు నవంబరు నించీ ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది, ట్రెస్సా దస్తూరీతో. ఇన్నాళ్ళూ ఆ తలుపు తీసినప్పుడల్లా చూపు తిప్పుకునేది. అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటూ నొక్కింది.

"మీరు చెయ్యక్కర్లేదు," అంది ట్రెస్సా. కుర్చీలోంచి లేచింది. "నాకివ్వండి. నేను చేస్తాను అమ్మా."

బెర్నడీన్ ఫోన్ ఇవ్వలేదు. ఆ పిలుపు ఇంకోసారి వినాలని మాత్రం అనిపించింది.

వెనకాల ఎమిల్ సొరుగు తీసిన చప్పుడు. పేపరు విప్పిన చప్పుడు. నంబరున్న ముక్క చిన్న పిడిలో కూర్చున్నప్పుడు టక్కుమన్న చప్పుడు. వద్దని బెర్నడీన్ అనలేదు.

ఫోన్‌లో అవతల ఆడపిల్ల గొంతు పలికింది. చిన్నపిల్ల, ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు.

"చెప్పండి. ఏం జరిగింది?"

"కోర్టు ఆర్డరు ఉన్న మనిషి మా ఇంటి దగ్గరికి వచ్చాడు," అంది బెర్నడీన్. ఇంటి నంబరు చెప్పింది, కొండదారి పేరు చెప్పింది.

"అతని పేరు?"

"డెరిక్ ఎమిల్ సాబోల్."

"మీకు ఏమవుతాడు?"

"కొడుకు."

అవతల టైపు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"మా వాళ్ళు బయల్దేరుతున్నారు. దారి జారుడుగా ఉంది, కాస్త ఆలస్యం కావచ్చు. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో మీకు తెలుసా?"

బెర్నడీన్ ఫోన్ తీగ లాక్కుంటూ సింకు మీద కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద మలుపు దగ్గర పసుప్పచ్చ బస్సు ఆగింది, ఎవరూ ఎక్కకపోతే ఒక నిమిషం చూసి వెళ్ళిపోయింది. బస్సు వెళ్ళాక ఆమె చూపు బెంచీ మీద పడింది. బెంచీ మీద ఎవరో కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుని, ఇంటివైపే చూస్తున్నారు. బడికి వెళ్ళే రోజుల్లో వాడు కూర్చునే పద్ధతి అదే.

"తెలుసు," అంది. "ఇక్కణ్ణించి కనిపిస్తున్నాడు."